తుంటి బెల్టు వేయకుండా మూడో నెల దాకా ఆగొచ్చా?

ప్రశ్న: మా పాపకు ఏడు వారాలు. ఎదురుకాళ్లతో ఉందని సిజేరియన్ చేసి తీశారు. నెల నిండాక పిల్లల డాక్టరు కాళ్లు వెడల్పు చేసి చూసి ఎడమ తుంటి జారుతోందన్నారు. ఆరో వారంలో అల్ట్రాసౌండ్ తీయిస్తే కుడివైపు ఆల్ఫా కోణం 62, ఎడమవైపు 46, బంతి మీద కప్పు 40 శాతం అని వచ్చింది. పావ్లిక్ హార్నెస్ అనే తుంటి బెల్టు రోజుకు 23 గంటలు ఉంచాలని ఎముకల డాక్టరు చెప్పారు. ఇంట్లో పెద్దవాళ్లేమో పసిపిల్లల ఎముకలు వాటంతటవే సర్దుకుంటాయి, మూడో నెల దాకా ఆగు, ఇప్పుడే కాళ్లు కట్టేస్తే దొడ్డికాళ్లు వస్తాయి అంటున్నారు. సిజేరియన్‌లో కాలు పట్టి లాగడం వల్లే ఇలా అయిందా? హార్నెస్ పనిచేయకపోతే ఏం చేస్తారు? మా ఆడపడుచుకు 32 ఏళ్లు. రెండేళ్లుగా గజ్జలో నొప్పి, కొంచెం కుంటుతోంది. దానికీ దీనికీ సంబంధం ఉందా?

సమాధానం: ఆగొద్దమ్మా. హార్నెస్ ఈ వారంలోనే వేయించండి.

పెద్దవాళ్ల మాటలో నిజం లేకపోలేదు. కానీ అది వేరే రకం తుంటికి సరిపోయే మాట. తుంటి గిన్నె పైకప్పు బంతి (తొడ ఎముక తల) మీదికి ఎంతవరకు వాలి ఉందో చెప్పే కొలతే ఆల్ఫా కోణం. ఆస్ట్రియా వైద్యుడు రైన్‌హార్డ్ గ్రాఫ్ 1980లో ఈ స్కాన్ పద్ధతిని తీసుకొచ్చారు. 60 డిగ్రీలు, ఆపైన ఉంటే సరిగా ఎదిగిన తుంటి. మూడు నెలల లోపు పిల్లల్లో 50 నుంచి 59 మధ్య ఉండి, బంతి గిన్నెలో కదలకుండా కూర్చుని ఉంటే అది ఇంకా పక్వానికి రాని తుంటి. వాటిలో చాలావరకు ఏ బెల్టూ లేకుండానే సర్దుకుంటాయి. అక్కడ కొన్ని వారాలు ఆగి మళ్లీ స్కాన్ తీయడమే సరైన పని. మీ పెద్దవాళ్లు చూసిన పిల్లలు ఆ కోవకు చెందినవాళ్లయి ఉండొచ్చు. మీ పాపది 46. బంతిలో సగానికి పైగా గిన్నె కింద ఉండాల్సింది 40 శాతమే ఉంది. అన్నిటికన్నా ముఖ్యం, చేత్తో చూస్తే జారుతోంది. ఈ మూడూ కలిసినప్పుడు ఎదురుచూస్తే పోయేది కాలమే.

కాలం ఎందుకంత ముఖ్యమో చెప్తాను. పుట్టినప్పుడు తుంటి గిన్నెలో ఎక్కువ భాగం మెత్తటి మృదులాస్థి. తొడ ఎముక తల, అంటే ఆ బంతి, నడిమధ్యన కూర్చుని ఒత్తుతూ కదులుతూ ఉంటేనే గిన్నె దాని చుట్టూ లోతుగా పెరుగుతుంది. బంతి అంచు మీద నిలబడి ఒరుసుకుంటూ ఉంటే ఆ అంచే చదునైపోతుంది. చదునైన కొద్దీ బంతి ఇంకా జారుతుంది. ఈ పెరుగుదల మొదటి నెలల్లో చాలా వేగం. ఇప్పుడు పట్టీలతో కొన్ని వారాల్లో అయ్యే పనికి ఆరు నెలలు దాటాక మత్తు, పిండి కట్టు కావాలి. ఏడాదిన్నర దాటితే ఎముక కోయాల్సి రావచ్చు.

సిజేరియన్ వల్ల కాదు. ఆ అనుమానాన్ని ఇక్కడితో వదిలేయండి. మీ పాపకు ఈ సమస్య రావడానికి వీలున్న కారణాలు మీ ఉత్తరంలోనే ఉన్నాయి: ఆడపిల్ల, ఎదురుకాళ్ల బిడ్డ, బహుశా తండ్రి వైపు కుటుంబ చరిత్ర కూడా. మగపిల్లల కన్నా ఆడపిల్లల్లో ఇది నాలుగు రెట్లు, అంతకు మించి కనబడుతుంది. ఎదురుకాళ్లతో, ముఖ్యంగా మోకాళ్లు చాచి పాదాలు ముఖం దగ్గర పెట్టుకుని కడుపులో ఉన్న బిడ్డకు బంతి వెనక్కి తోసుకుపోయే ఒత్తిడి నెలల తరబడి ఉంటుంది. తొలిచూలు కావడం, ఉమ్మనీరు తక్కువగా ఉండటం కూడా కడుపులో చోటు తగ్గించేవే. పుట్టాక మన చేతిలో ఉన్నది ఒకటే, కాళ్లు చాచి బిగించి చుట్టకపోవడం. జపాన్‌లో 1970లలో అలా చుట్టే అలవాటును మాన్పించాక తుంటి జారిన పిల్లలు బాగా తగ్గారు. చేతులు చుట్టినా ఫర్వాలేదు, తొడలు మాత్రం కప్పలా మడిచి వెడల్పు చేసుకునేంత వదులు ఉండాలి. కాళ్లు పట్టి నిటారుగా సాగదీసే మర్దనా వద్దు.

ఇంకో మాట. తుంటి జారిన పసిబిడ్డకు నొప్పి ఉండదు. పాలు తాగుతుంది, ఆడుకుంటుంది, కాళ్లు ఆడిస్తుంది. "బాగానే ఉంది కదా" అనిపించేది అందుకే. కాలు కదిపినప్పుడు వినిపించే సన్నటి టిక్కు శబ్దాలు చాలావరకు స్నాయువులు, కండలు ఒరుసుకోవడం వల్ల వచ్చేవి, వాటికి భయం లేదు. డాక్టరు వెతికేది శబ్దాన్ని కాదు. బంతి అంచు దాటి లోపలికో బయటికో దూకినట్టు వేళ్లకు తగిలే ఆ జారుడును. లోపలికి వచ్చేదాన్ని ఇటలీ వైద్యుడు ఓర్టొలానీ పేరుతో, బయటికి జారేదాన్ని బ్రిటన్ వైద్యుడు బార్లో పేరుతో పిలుస్తారు. వీటిని ఇంట్లో ఎవరూ చేసి చూడకండి. వదులుగా ఉన్న కీలును మాటిమాటికీ జార్చి చూడటం మంచిది కాదు.

ఇక హార్నెస్ సంగతి. పేరుకు బెల్టే గానీ అది కాళ్లను కట్టేసేది కాదు. చెక్ వైద్యుడు ఆర్నాల్డ్ పావ్లిక్ 1940లలో దీన్ని తయారుచేసిందే అందుకు. అంతకుముందు కాళ్లను బలవంతంగా వెడల్పు చేసి కదలకుండా బిగించే కట్లు వేసేవాళ్లు. వాటివల్ల బంతికి రక్తం అందక అది దెబ్బతినేది. పావ్లిక్ పట్టీల్లో బిడ్డ రోజంతా తన్నుతూనే ఉంటుంది, ఆ తన్నులే బంతిని గిన్నె మధ్యకు సర్దుతాయి. ఛాతీ చుట్టూ ఒక పట్టీ, భుజాల మీదుగా వెళ్లి వీపున కత్తెరలా కలిసే రెండు పట్టీలు, పాదాలకు బూట్లలాంటి తొడుగులు, ఒక్కో కాలికి ముందొకటి, వెనకొకటి. ముందు పట్టీ మోకాలిని పైకి మడిచి ఉంచుతుంది. తొడ పొట్టవైపు 90 నుంచి 100 డిగ్రీలు మడిచి ఉండాలి. వెనక పట్టీ పని కాలును బయటికి లాగడం కాదు. మోకాలు నడిమి గీత దాటి అవతలికి పోకుండా ఆపడం, అంతే. అందుకే అది ఎప్పుడూ కాస్త వదులుగానే ఉంటుంది.

ఇంట్లో జరిగే పెద్ద పొరపాటు సరిగ్గా ఇక్కడే. ఎక్కువ వెడల్పు చేస్తే త్వరగా నయమవుతుందని ఎవరో ఒకరు వెనక పట్టీ బిగిస్తారు. బిగిస్తే బంతికి రక్తం తెచ్చే సన్నటి నాళాలు నలుగుతాయి. ఈ చికిత్సలో అన్నిటికన్నా భయపడాల్సింది దానికే. పట్టీలు వేసిన రోజున డాక్టరు ముందే ప్రతి పట్టీ మీద బక్కిల్ ఎక్కడిదాకా రావాలో పెన్నుతో గీత గీయించుకోండి. ఎదురుగా, పక్కనుంచి రెండు ఫోటోలు తీసుకోండి. తర్వాత ఎప్పుడు చూసినా బక్కిల్ ఆ గీత దగ్గరే ఉండాలి. బిడ్డ పెరిగే కొద్దీ గీతలు మార్చడం డాక్టరు పని.

ఛాతీ పట్టీ చనుమొనల వరుసలో ఉండాలి, కింద మీ రెండు వేళ్లు దూరాలి. దాని కింద పలుచటి నూలు చొక్కా, కాళ్లకు మోకాలు దాటే మేజోళ్లు వేస్తే చర్మం ఒరుసుకోదు. డైపర్ పట్టీల కిందనే ఉండాలి, పైన కాదు. మెడ మడతలు, గజ్జలు, మోకాలి వెనక భాగం రోజూ చూడండి. తడి చేరేది, ఎర్రబడేది అక్కడే. పౌడర్లు, నూనెలు రాయకండి, పట్టీ కింద అవి ముద్దలై పుండు చేస్తాయి.

డైపర్ మార్చేటప్పుడు రెండు మడమలూ కలిపి పట్టుకుని పైకెత్తడం మనందరికీ అలవాటు. ఆ అలవాటు ఈరోజే మానుకోవాలి. అలా ఎత్తితే మోకాళ్లు దగ్గరకు వచ్చి బంతి మళ్లీ వెనక్కి జారుతుంది. బదులుగా ఒక చెయ్యి పిర్రల కింద పెట్టి నడుము కొద్దిగా లేపి, రెండో చేత్తో డైపర్ లాగండి. మొదటి రెండు రోజులు చేతకానట్టు ఉంటుంది, తర్వాత అలవాటైపోతుంది. చంకనేసుకున్నా, ఛాతీకి ఆనించి ఎత్తుకున్నా రెండు కాళ్లూ మీకు చెరోవైపు ఉండాలి. పడుకోబెట్టేది వెల్లకిలానే. పక్కకు తిప్పి పడుకోబెడితే పైకాలు వాలి కిందకాలి మీద పడుతుంది. పాలిచ్చేటప్పుడు బిడ్డను మీ ఒళ్లో నిటారుగా ఎదురెదురుగా కూర్చోబెట్టుకుంటే కాళ్లు వాటంతటవే సరైన భంగిమలోకి వస్తాయి.

23 గంటలంటే స్నానానికి ఒక గంట. ఆ గంటను ముక్కలు చేసి పొద్దున కాసేపు, సాయంత్రం కాసేపు, చుట్టాలొచ్చినప్పుడు కాసేపు అని విప్పకండి. విప్పిన ఆ గంటలోనూ కాళ్లు చాపకుండా, తొడలు వెడల్పుగానే ఉంచి స్నానం చేయించండి. కొందరు డాక్టర్లు మొదటి వారాల్లో అసలు విప్పనివ్వరు. మీవాళ్లు అలా చెప్తే తడిగుడ్డతో తుడవండి. హార్నెస్ బదులు రెండు మూడు డైపర్లు మందంగా వేస్తే చాలని ఎవరైనా చెప్పొచ్చు. దాంతో తుంటి సరికాదు, ఏదో చేస్తున్నామన్న ధైర్యంలో విలువైన వారాలు గడిచిపోతాయి.

రోజుకు ఒకసారి, అరికాలు గీకితే పాప మోకాలు చాచి తన్నుతోందో లేదో రెండువైపులా చూడండి. నిన్నటిదాకా తన్నిన కాలు ఈరోజు మోకాలి దగ్గర చాచడం మానేస్తే అదే రోజు డాక్టరుకు ఫోన్ చేయండి, వచ్చే వారం చూపిద్దామని ఆగొద్దు. ముందు పట్టీ మరీ బిగుసుకుని తొడ ఎక్కువగా మడిచినప్పుడు గజ్జలో నుంచి వెళ్లే తొడ నరం నలుగుతుంది. పట్టీ వదులు చేసినా, కొన్నాళ్లు తీసేసినా ఆ నరం దాదాపు ఎప్పుడూ కోలుకుంటుంది. గుర్తుపట్టడం ఆలస్యమైతేనే చిక్కు.

వారానికో, పది రోజులకో ఒకసారి చూపిస్తూ ఉండాలి. మీరు పట్టుబట్టి అడగాల్సింది ఒకటుంది: మూడు వారాలలోపు హార్నెస్‌తోనే ఒక అల్ట్రాసౌండ్. బంతి గిన్నెలోకి వచ్చి నిలబడిందా లేదా అన్నది అందులో తేలిపోతుంది. నిలబడితే కొనసాగిస్తారు, కోణం 60 దాటేవరకు, మొత్తం మీద చాలామందికి 6 నుంచి 12 వారాలు పడుతుంది. మూడు నాలుగు వారాలకూ బంతి బయటే ఉంటే ఆ హార్నెస్‌ను ఇంకా లాగకూడదు. బయట ఉన్న బంతిని ఆ భంగిమలోనే ఉంచితే అది గిన్నె వెనక అంచును అరగదీస్తుంది, తర్వాత చేసే చికిత్స కష్టమవుతుంది. ఇంకో నెల చూద్దాం అంటూ పట్టీలు ఉంచేయడం జాగ్రత్త అనిపిస్తుంది గానీ నష్టం అందులోనే ఉంది. బంతి లోపలే ఉండి గిన్నె మాత్రం లోతు తక్కువగా ఉన్న పిల్లల్లో పదిమందిలో తొమ్మిదిమందికి పైగా హార్నెస్‌తోనే బాగవుతారు. పూర్తిగా బయటికి జారిపోయిన తుంటిలో విజయం అంతకన్నా తక్కువ. మీ పాపది ఈ రెంటి నడుమ. లోపలికి వచ్చే తుంటి, ఏడు వారాల వయసు, రెండూ మనకు అనుకూలమే.

దొడ్డికాళ్లు రావు. దొడ్డికాళ్లు మోకాలి కింద ఎముక వంపుకు సంబంధించినవి, ఇక్కడ మడిచి ఉంచేది తుంటిని. హార్నెస్ తీసిన కొన్ని రోజులు పాప కాళ్లు కప్పలా మడిచే పడుకుంటుంది, తర్వాత తనే చాపుకుంటుంది. ఈ పిల్లలు సాధారణంగా అందరిలాగే నడుస్తారు. కానీ హార్నెస్ తీసేయగానే కథ ముగియదు. నాలుగు నుంచి ఆరు నెలల మధ్య బంతిలో ఎముక గింజ ఏర్పడాకే ఎక్స్‌రే పనికొస్తుంది. ఆరో నెలలో ఒకటి, ఏడాదికి ఒకటి, ఆ తర్వాత డాక్టరు చెప్పినట్టు ఎదుగుదల ఆగేదాకా అప్పుడప్పుడు తీయించాలి. స్కాన్‌లో బాగయిన గిన్నె కూడా కొందరిలో తర్వాత ఎదుగుదలలో వెనకబడుతుంది.

హార్నెస్ పనిచేయకపోతే కొందరు గట్టి బ్రేస్‌తో ప్రయత్నిస్తారు. దాంతోనూ కాకపోతే ఆరో నెల ప్రాంతంలో మత్తిచ్చి, కోత లేకుండా బంతిని గిన్నెలోకి చేరుస్తారు. ముందు కీలులోకి మందు ఎక్కించి ఎక్స్‌రేలో బంతి ఎంత లోపలికి వెళుతోందో చూస్తారు. గజ్జలోని కండరాన్ని ఎముకకు పట్టి ఉంచే స్నాయువు బిగుతుగా ఉంటే చిన్న గాటుతో వదులు చేస్తారు. తర్వాత ఛాతీ కింద నుంచి కాళ్లదాకా పిండి కట్టు వేస్తారు, దాన్ని స్పైకా అంటారు. కట్టు వేశాక ఎంఆర్ఐ గానీ సీటీ గానీ తీసి బంతి నిజంగా లోపలే ఉందని చూస్తారు. ఇది తీశారా అని తప్పకుండా అడగండి, కట్టు మీదుగా మామూలు ఎక్స్‌రేలో సరిగా తెలియదు. మొత్తం 12 వారాల దాకా ఉంటుంది, మధ్యలో ఆరో వారంలో మత్తు ఇచ్చి కట్టు మారుస్తారు. కట్టుతో ఇంటికొచ్చాక అసలు పోరాటం తడితోనే. చిన్న డైపర్‌ను కట్టు అంచు లోపలికి దోపి, పైన పెద్దది వేసి, పగలు రెండు మూడు గంటలకోసారి మార్చాలి. కాలివేళ్లు వెచ్చగా, గులాబీ రంగులో ఉండాలి. వేళ్లు వాచినా, నీలబడినా, కట్టు లోంచి దుర్వాసన వచ్చినా, జ్వరం వచ్చినా వెంటనే తీసుకెళ్లాలి. రెండు కాళ్ల మధ్య ఉండే కడ్డీ పట్టుకుని బిడ్డను ఎత్తకూడదు.

కోత లేకుండా బంతి లోపలికి పోకపోతే తెరిచి చేస్తారు. గిన్నెలో పేరుకున్న కొవ్వు, మందమైన స్నాయువు, లోపలికి మడతపడిన అంచు, నడుము సన్నబడిన సంచిలా బిగుసుకున్న కీలు పొర, ఇవే దారికి అడ్డం పడేవి. ఏడాదిన్నర దాటిన పిల్లల్లో దాంతోపాటు కటి ఎముకను కోసి గిన్నె కప్పును ముందుకు వంచడం తరచూ అవసరమవుతుంది. కెనడా వైద్యుడు రాబర్ట్ సాల్టర్ 1961లో వివరించిన శస్త్రచికిత్స వాటిలో ప్రసిద్ధమైనది. ఇంకా పెద్ద పిల్లల్లో తొడ ఎముకను కొద్దిగా పొట్టి చేయాలి, లేకపోతే బలవంతంగా దింపిన బంతి మీద ఒత్తిడి పడి దాని రక్తప్రసారం ఆగిపోతుంది. మీ పాప అంతదూరం వెళ్లకూడదనే ఇప్పటి ఈ తొందర.

ఇది చదివే మిగతా తల్లులకూ ఒక మాట. మూడు నెలలు దాటాక తుంటి చేతికి జారినట్టు తెలియడం తగ్గిపోతుంది, కండలు బిగుసుకుంటాయి. అప్పుడు కనబడేవి వేరు: డైపర్ మార్చేటప్పుడు ఒక కాలు రెండోదానంత వెడల్పుగా తెరుచుకోదు, వెల్లకిలా పడుకోబెట్టి మోకాళ్లు మడిస్తే ఒకటి కిందికి ఉంటుంది. తొడ మీద మడతలు రెండువైపులా సమానంగా లేకపోవడం మామూలు పిల్లల్లోనూ ఉంటుంది, అదొక్కటే ఉంటే కంగారు పడక్కర్లేదు, చూపిస్తే చాలు. రెండువైపులా జారితే కాళ్లు సమానంగానే ఉంటాయి కాబట్టి మరీ ఆలస్యంగా తెలుస్తుంది, నడక వచ్చాక బాతులా ఊగుతూ నడుస్తారు. ఎదురుకాళ్ల బిడ్డకు పుట్టినప్పటి పరీక్షలో ఏమీ తేలకపోయినా ఆరో వారంలో స్కాన్ తీయించాల్సిందే. అంతకుముందే తీస్తే వాటంతటవే సర్దుకునే తుంటులు కూడా జబ్బులా కనబడతాయి. మీ ఇంట్లో మరో బిడ్డ పుట్టినా అంతే. తోబుట్టువుకు ఈ సమస్య ఉంటే తర్వాతి బిడ్డకు వచ్చే అవకాశం సుమారు 6 శాతం, తల్లిదండ్రుల్లో ఒకరికి కూడా ఉంటే ఇంకా ఎక్కువ.

మీ ఆడపడుచు విషయానికి వస్తే, సంబంధం ఉండటానికి బాగా అవకాశం ఉంది. చిన్నప్పుడు ఎవరూ గమనించని లోతు తక్కువ గిన్నె సాధారణంగా ఇరవైలు, ముప్ఫైలలోనే గజ్జలో నొప్పిగా బయటపడుతుంది. చాలామంది దాన్ని నడుం నొప్పి అనుకుని వెన్ను చుట్టూ తిరుగుతారు. నిలబెట్టి కటి ఎక్స్‌రే తీయించమనండి. అందులో బంతి కేంద్రం నుంచి గిన్నె అంచుకు కొలిచే కోణం 25 డిగ్రీలకు పైన ఉంటే మామూలు, 20 కన్నా తక్కువ అయితే డిస్‌ప్లేసియా, అంటే గిన్నె సరిగా ఎదగని తుంటి. మృదులాస్థి ఇంకా మిగిలి ఉంటే గిన్నెను చుట్టూ కోసి తిప్పి బంతి మీదికి తెచ్చే శస్త్రచికిత్స ఉంది, స్విట్జర్లాండ్‌లోని బెర్న్‌లో రైన్‌హోల్డ్ గాంజ్ 1984లో మొదలుపెట్టినది. అరుగుదల బాగా పెరిగిపోయాక ఆ అవకాశం పోయి కీలు మార్పిడే మిగులుతుంది. కాబట్టి ఆవిడ కూడా నొప్పి మాత్రలతో కాలం గడపకూడదు. ఎక్స్‌రేలో డిస్‌ప్లేసియా అని తేలితే ఆ సంగతి పాప డాక్టరుకు చెప్పండి. తండ్రి వైపు కుటుంబ చరిత్రగా పాప కాగితాల్లో అది రాసి ఉండాలి.